ఇంటికి ఎల్.ఇ.డి. ట్యూబులైటు కొనదగునా?



ఈ దినమున నేను మీతో ముచ్చటింపబోవు విషయము చిన్నది. అది మన యింటి గోడమీద నుండునది. సంజవేళ స్విచ్చి వేసినంతనే వెలుగునది. వెలుగుచున్నంత కాలము దాని నెవ్వరును తలంపరు; ఆఱినప్పుడు మాత్రము ఇంటిల్లిపాదియు దానినే తలంతురు. అదియే ట్యూబులైటు. పాతదానిని తీసివైచి యా స్థానమున ఎల్.ఇ.డి. ట్యూబులైటును కొని పెట్టుట లాభమా, కాదా? లాభమైనచో ఎవరికి, ఏ గదికి, ఎన్నాళ్లకు? ఇదియే నేటి ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకములనుండి వచ్చినది కాదు. మా తొర్రూరిలో మా వీధి చివర నొక రైతు కుటుంబము కలదు. వారి యమ్మాయి పదవ తరగతి చదువుచుండెను. అవి మాఘమాసపు దినములు. యాసంగి వరికి బావులమీద మోటార్లన్నియు నడచు కాలము. చీకటి పడగానే వారి యింటి ట్యూబులైటు రెండు కొనలయందును ఎఱ్ఱబడి, మినుకుమినుకుమని, తుదకు వెలుగకయే నిలిచిపోవుచుండెను. ఆ పిల్ల పుస్తకము చేతబట్టుకొని మా యరుగుమీదికి వచ్చి చదువుకొనుచుండెను. ఒకనాడు ఆమె తండ్రి నాయొద్దకు వచ్చి, "సారూ, కొత్త లైట్లు మంచిగున్నయంటున్నరు. కొంటె లాభమేనా? మనకు కరెంటు బిల్లు జీరో వస్తున్నదాయె. ఇగ పైసలు పెట్టి కొనుడెందుకు?" అని యడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ముప్పదియేండ్లకు పైగా పాఠములు చెప్పినవాడను; తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుట యెంత తప్పో యెఱిగినవాడను. "నాలుగు రోజులాగవయ్యా, చూసి చెప్త" నంటిని. ఆ విచారణ ఫలమే యీ ప్రసంగము.

ముందుగా దీపములనుగుఱించి రెండు మాటలు. నేను బాల్యమున చదువుకొన్నది కందిలి వెలుతురున. ప్రతి సాయంకాలము దాని గాజుబుడ్డిని బూడిదతో తుడిచి, వత్తి కత్తిరించి, గ్యాసునూనె పోయుట నా వంతు పని. పిమ్మట మా యింటికి కరెంటు వచ్చెను. దానితో గుండ్రని బల్బు వచ్చెను. బల్బు పనిచేయు విధము మన కమ్మరి కొలిమిలో చూచునదే. ఇనుము మిక్కిలి కాగినచో ఎఱ్ఱబడి వెలుగును. బల్బులోని టంగ్‌స్టను తీగయు నట్లే కాగి వెలుగును. అయితే కొలిమి ముఖ్యముగా వేడి కొఱకు. వెలుగు దాని వెంట వచ్చునది. బల్బునందును అంతే. మనము చెల్లించు కరెంటులో నూటికి తొంబది పాళ్లకు పైగా వేడియై పోవును, వెలుగైనది స్వల్పము. వెలుగు కొఱకు ధర యిచ్చి వేడిని కొనితెచ్చుకొనుట యది.

ఆ తరువాత వచ్చినది ట్యూబులైటు. ఇది వెలుగుటకు కాగనక్కఱలేదు. గాజుగొట్టములోని గాలిని తీసివైచి, కొంచెము ఆర్గాను వంటి జడవాయువును, మిల్లీగ్రాముల కొలదిగా పాదరసమును అందుంతురు. విద్యుత్తు ప్రవహించినప్పుడు పాదరసపు ఆవిరి కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను వెలువరించును. గొట్టపు లోపలి గోడకు పూసిన తెల్లని పొడి యా కిరణములను గ్రహించి, కంటికి కనబడు వెలుగుగా మార్చి విడుచును. దీనికి రెండు సహాయములు కావలెను. స్టార్టరు మొదట కొనలయందలి తీగలను వేడిచేయును. చోకు ఒక పెద్ద వోల్టేజి తాకిడి నిచ్చి గొట్టమును వెలిగించి, పిమ్మట ప్రవాహమును అదుపునం దుంచును. వోల్టేజి తగ్గినప్పుడు ఈ తాకిడి చాలదు. మా వీధి పిల్ల యింట కొనలు మాత్రము ఎఱ్ఱబడి దీపము వెలుగకుండుటకు కారణ మిదియే. మఱియు చోకు స్వయముగా కరెంటును తినును. దానిని తాకి చూచినవారికి అది యెంత వేడెక్కునో తెలియును. గొట్టముపై 40 వాట్లని వ్రాసియున్నను, చోకుతో కలిసి యది వాడుకొనునది సుమారు 50 వాట్లు. ఈ పది పండ్రెండు వాట్ల లెక్క గొట్టముమీద వ్రాసియుండదు. మీటరులో మాత్రము పడును.

ఇక ఎల్.ఇ.డి. దీపము. ఇందు కాగు తీగయు లేదు, ఆవిరియు లేదు. నువ్వుగింజ యంత చిప్పులు వరుసగా నొక పట్టీపై నతికింపబడి యుండును. ఒక్కొక్క చిప్పులో అర్ధవాహకమను పదార్థపు పొరలు రెండుండును. ఒక పొరలో ఎలక్ట్రానులు అధికముగా నుండును. రెండవదానిలో వాని కొఱకు ఖాళీచోట్లుండును. కాకతీయుల కాలమునుండి చెఱువు క్రింద చెఱువుగా గొలుసుకట్టు చెఱువులున్న సీమ మనది. పై చెఱువు నీరు అలుగు దుమికి క్రింది చెఱువున పడునప్పుడు చప్పుడు పుట్టును గదా! అట్లే కరెంటు తోడ్పాటుతో ఎలక్ట్రాను పైమెట్టునుండి క్రింది ఖాళీలోనికి దుమికినప్పుడు వెలుగు పుట్టును. దుముకు ఎత్తు తక్కువైనచో ఎఱ్ఱని వెలుగు. ఎక్కువైనచో నీలి వెలుగు.

ఎత్తు తక్కువ గల దుముకును సాధించుట మొదట సుళువైనది. 1962వ సంవత్సరమున అమెరికాలో నిక్ హోలోన్యాక్ అను శాస్త్రజ్ఞుడు కంటికి కనబడు ఎఱ్ఱని ఎల్.ఇ.డి.ని చేసి చూపెను. కాని నీలి వెలుగునకు తగిన గాలియం నైట్రైడు స్ఫటికమును దోషము లేకుండ పెంచుట మిక్కిలి కష్టమయ్యెను. మూడు దశాబ్దములు గడచినవి. జపానుదేశమున నగోయా విశ్వవిద్యాలయమునందు ఇసాము అకసాకి, హిరోషి అమానో అనువారును, టొకుషిమాలోని యొక చిన్న రసాయన సంస్థలో షుజి నకమురా అనువాడును పట్టు విడువక శ్రమించి, 1990 తరువాతి దశాబ్దారంభమున కాంతివంతమైన నీలి ఎల్.ఇ.డి.ని సాధించిరి. అందులకై 2014వ సంవత్సరమున వారు మువ్వురకును భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది.

మనకు కావలసినది తెల్లని వెలుగు గదా, నీలిదానికంత గౌరవమేల యని మీరడుగవచ్చును. పసుపును సున్నమును కలిపినచో ఎఱ్ఱనగుట మన స్త్రీలందఱును ఎఱుగుదురు. ఇక్కడ నీలి వెలుగును ఇచ్చు చిప్పుపై పసుపుపచ్చని పొడి నొకదానిని పూయుదురు. నీలివెలుగులో కొంత యా పొడిని తాకి పసుపు వెలుగగును. మిగిలిన నీలియు ఈ పసుపును కలిసి మన కంటికి తెలుపుగా తోచును. దీపము ఆఱియున్నప్పుడు చిప్పులను చూడుడు, పసుపుపచ్చగా కనబడును. నీలిది లేకున్నచో ఈ తెల్లనిది లేదు.

శాస్త్రము చెప్పినదానిని ప్రత్యక్షముగా పరీక్షింపవలెనని నాకు తోచినది. మా యింటి కరెంటు మీటరు ముఖముపై నొక యెఱ్ఱని చుక్క మినుకుమినుకుమనుచుండును. దాని ప్రక్కన 3200 అని వ్రాసియున్నది. అనగా ఆ చుక్క 3200 మాఱులు మినుకుమన్నచో ఒక యూనిటు ఖర్చైనదని యర్థము. ఒక రాత్రి మా యింటిలో ఫ్రిజ్జు, ఫ్యానులు, సమస్తమును ఆపివైచి, పాత ట్యూబులైటు నొక్కదానినే వెలిగించి, గడియారము చేతబట్టుకొని మీటరు ముందు కూర్చుంటిని. ఇంటివారు చీకటిలో కూర్చుండి నన్ను చూచి నవ్వుకొనిరి. అరగంటలో ఆ చుక్క 81 మాఱులు మినుకుమన్నది. పిమ్మట 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపమును వెలిగించి మరల అరగంట లెక్కపెట్టితిని, 33 మాఱులు. లెక్క వేసి చూచినచో పాతదానికి 50 వాట్లకు కొంచెము పైన, క్రొత్తదానికి 20 వాట్లకు కొంచెము పైన. ఈ పరీక్షకు చదువుతో పని లేదు, పిల్లలచేత చేయింపవచ్చును. మీ మీటరుపై 1600 అని యున్నచో మినుకులు సగమే వచ్చును. ఒక చిన్న వింత గమనింపుడు: మీటరుపై మినుకుమను నా యెఱ్ఱని సాక్షియు ఎల్.ఇ.డి. వంశమునకు చెందినదే.

అయితే తక్కువ కరెంటునకు తక్కువ వెలుగే వచ్చునేమో? అట్లు కాదు. వెలుగును కొలుచు మానమునకు ల్యూమెను అని పేరు. 40 వాట్ల పాతగొట్టము క్రొత్తగా నున్నప్పుడు సుమారు 2400 ల్యూమెనుల నిచ్చును. కొనలు నల్లబడుకొలది తగ్గిపోవును. మంచి 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపము 2000 ల్యూమెనులో, అంతకు కొంచెము పైననో యిచ్చును. అంకెలో కొంచెము తక్కువే. కాని పాతగొట్టము వెలుగు నలుప్రక్కలకును పోవును. వెనుకకు పోయినది గోడకును పైకప్పునకును చెందును. ఎల్.ఇ.డి. తన వెలుగును ముందునకే చిమ్మును. కావున పుస్తకముపై పడునది తక్కువ కాదు. నేను పంచాంగములోని సన్నని యక్షరములను రెండింటి క్రిందను చదివి చూచితిని. వయస్సు మళ్లిన కన్నులకు యువకుల కన్నులకన్న హెచ్చు వెలుతురు కావలెను. నా కన్నులు క్రొత్తదానినే మెచ్చుకొన్నవి. పైకప్పు మాత్రము మునుపటికన్న కొంచెము మబ్బుగా నుండును.

ఇక ధర మాట. తేడా 30 వాట్లు. దినమునకు 6 గంటలు వెలుగు దీపమైనచో నెలకు 5.4 యూనిట్లు, ఏడాదికి సుమారు 66 యూనిట్లు మిగులును. తెలంగాణమున 2022 ఏప్రిలు నెలనుండి అమలైన ధరల పట్టికలో, నెలకు 200 యూనిట్ల లోపు వాడు మధ్యతరగతి యింటికి మొదటి 100 యూనిట్లకు యూనిటు 3 రూపాయల 40 పైసలు, ఆపై 200 వఱకు 4 రూపాయల 80 పైసలు. దీపము మార్చినచో తగ్గునవి చివరి యూనిట్లు, కావున 4.80 చొప్పున చూచినచో ఏడాదికి సుమారు 315 రూపాయలు మిగులును. నేను కొన్న దీపము వెల 280 రూపాయలు. అనగా పదునొకండు నెలలలో సొమ్ము తిరిగి వచ్చినది. 100 యూనిట్లు దాటని యింట 3.10 చొప్పున పదునాఱు పదునేడు నెలలు. 200 దాటి 7.70 చెల్లించు నింట ఆఱేడు నెలలు. ధరలు మారుచుండును, మీ బిల్లుపైనున్న ధరను వేసికొని మీరే లెక్క చూచుకొనుడు.

ఇదే లెక్క మా సామానుగదికి వేసి చూచితిని. అందు దీపము దినమునకు ఇరువది నిమిషములు వెలిగిన నెక్కువ. ఏడాదికి మిగులునది నాలుగు యూనిట్లు కూడ కాదు; పదునేడు పదునెనిమిది రూపాయలు. పెట్టిన 280 రూపాయలు తిరిగి వచ్చుటకు పదునాఱేండ్లు పట్టును! కావున అచటి పాతదీపమును ఆఱిపోవువఱకు అట్లే యుంచితిని. అట్లే సన్నని 28 వాట్ల గొట్టమును ఎలక్ట్రానిక్ చోకుతో వాడుచున్నవారికి తేడా పది వాట్లే, వారును తొందరపడనక్కఱలేదు. కొనదగునా యను ప్రశ్నకు ఇంటికంతటికి ఒకే యుత్తరము లేదు, గదిగదికి వేఱు. ఎక్కువ సేపు వెలుగు దీపమును ముందు మార్చవలెను, ఇది మూలసూత్రము.

ఇప్పుడు జీరో బిల్లు వారి ప్రశ్నకు వత్తము. 2024 మార్చి నెలనుండి గృహజ్యోతి పథకము క్రింద, తెల్ల రేషనుకార్డు గల యర్హులైన కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వఱకు బిల్లు లేదు. దీపము మార్చినను మార్చకున్నను జీరో జీరోయే గదా యని మా పొరుగువాని వాదము. వాదము బాగుగనే యున్నది. కాని 200 అను గీటు దాటిన నెలలో సమస్త యూనిట్లకును బిల్లు చెల్లింపవలెను. వేసవిలో కూలరు నడచును, ఫ్యానులు రాత్రింబగళ్లు తిరుగును. ఒక నెలలో 215 యూనిట్లైన వనుకొనుడు. అప్పుడు మొదటి 200కు 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020 రూపాయలు, మిగిలిన 15కు 7.70 చొప్పున 115 రూపాయల 50 పైసలు. మొత్తము 1,135 రూపాయల 50 పైసలు, ఇతర రుసుములు వేఱు. పదునైదు యూనిట్లు మీఱినందులకు వెయ్యిన్నూఱు రూపాయల దెబ్బ! ఆ యింటిలో నాలుగు పాత ట్యూబులైట్లుండి, ఒక్కొక్కటి దినమునకు ఆఱు గంటలు వెలుగుచున్నచో, వానిని మార్చుటచేత 21.6 యూనిట్లు తగ్గి, లెక్క 193కు దిగును. బిల్లు జీరోగనే నిలుచును. గట్టుమీద నిలిచినవానికి అడుగు దూరము చిన్నది కాదు. అయితే నెలకు 100 యూనిట్లైన దాటని చిన్న యింటికి ఈ లాభము లేదు. వారికి కావలసినది మంచి వెలుతురే.

ఆ వెలుతురు విషయముననే ఎల్.ఇ.డి. మా వీధి పిల్లకు మేలు చేసినది. దీనిలో చోకు తాకిడితో పని లేదు. డ్రైవరు అను చిన్న యంత్రభాగము వచ్చిన వోల్టేజిని గ్రహించి చిప్పులకు తగినట్లు సర్ది యిచ్చును. మంచి దీపములపై 100 వోల్టులనుండి 300 వోల్టుల వఱకు పనిచేయునని వ్రాసియుండును. మోటార్లు నడచు వేళ వోల్టేజి దిగినను దీపము వెలుగుచునే యుండును. ఇన్వర్టరు గలవారికి మఱియొక లాభము: రెండు పాత ట్యూబులైట్లు తిను కరెంటుతో ఐదు క్రొత్తవి వెలుగును.

గుణములు చెప్పితిని, దోషములు దాచుట ధర్మము కాదు. పెట్టెపై 25,000 గంటల ఆయుస్సని వ్రాయుదురు. దినమునకు 6 గంటల చొప్పున అది పదునొకండేండ్లకు పైమాట. చిప్పులు అంతకాల ముండవచ్చును, వెలుగు క్రమముగా తగ్గుచున్నను. కాని డ్రైవరు ఉండదు. చిప్పు వత్తి వంటిది, డ్రైవరు నూనె పోయు చేయి వంటిది. చేయి పడిపోయిన పిమ్మట వత్తి యెంత మంచిదైనను ఫలమేమి? డ్రైవరులో కెపాసిటరు అను భాగము వేడికి ఎండిపోవును. మన యెండకాలమున రేకుల కప్పు క్రింది గదిలో పైభాగమున నుండు వేడిమి మీరెఱుగనిది కాదు. కావున రేకునకు ఆనించి దీపమును బిగింపరాదు; గోడమీద గాలి యాడుచోట, కప్పునకు మూరెడు దిగువన బిగింపవలెను. వర్షాకాలపు ఉఱుములు మెఱుపుల వేళ లైనులో వచ్చు హఠాత్తు పొంగును డ్రైవరునకు శత్రువు.

ఈ విషయమున నా తెలివితక్కువను చెప్పుకొనుటకు సిగ్గుపడను. మొదట నేను అంగడిలో పేరు లేని దీపము నొకదానిని 90 రూపాయలకు కొని తెచ్చితిని. 20 వాట్లని పైన వ్రాసియుండెను. మీటరు పరీక్షలో 12 వాట్లే తినెను. తక్కువ తిన్నది గదా యని సంతోషించితిని. వెలుగును తక్కువే యని పిమ్మట తెలిసినది. నాలుగవ నెలలో ఒక సగము ఆఱినది, మఱునాడు రెండవ సగము. రసీదు లేదు, అమ్మినవాడు మరల కనబడలేదు. నాలుగు నెలలకు 90 రూపాయలన్నచో ఏడాదికి 270. రెండేండ్ల గ్యారంటీ గల 280 రూపాయల దీపముకన్న ఇది యెంత ఖరీదైనదో చూడుడు! చౌక యనునది పెట్టె మీది ధర కాదు. వెలిగిన దినములచేత భాగించిన ధర.

కావున దుకాణమునకు పోయినప్పుడు చూడవలసినవి చెప్పెదను. మొదటిది, వాట్లను కాక ల్యూమెనులను చదువుడు. ల్యూమెనులను వాట్లతో భాగించినచో నూఱు, అంతకు పైన రావలెను. రెండవది, భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తును, దానితో ఆర్ అను అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యను చూడుడు. మూడవది, గ్యారంటీ కాలమును అడిగి, రసీదు వ్రాయించుకొని, పెట్టెలోనే దాచుడు. నాలుగవది, రంగు. 6500 కెల్విను అని యున్నది నీలిచాయ గల తెలుపు, 4000 నడిమిది, 3000 పాత బల్బు వంటి పసుపుచాయ గలది. చదువునకును వంటకును మొదటి రెండును తగును. పడుకొను గదికి మూడవదే మేలు. నీలిచాయ వెలుగు రాత్రి వేళ నిద్రను వెనుకకు నెట్టును. ఐదవది, సి.ఆర్.ఐ. అను సంఖ్య 80కి తక్కువ కాకూడదు. అది తక్కువైనచో వస్తువుల నిజమైన రంగు తెలియదు. వంటింట మిరపపొడియు పసుపును వన్నె తఱిగి కనబడును.

ఆఱవది మినుకు. మన కరెంటు క్షణమునకు ఏబది మాఱులు అటునిటు ఊగును. చౌక డ్రైవరు గల దీపము దానితోపాటు క్షణమునకు నూఱు మాఱులు మినుకుమనును. కంటికి తెలియదు, కాని చదువుకొనువారికి తలనొప్పియు కంటి యలసటయు కలుగవచ్చును. పరీక్ష సుళువు. దీపము ముందు పెన్సిలును వేగముగా ఆడింపుడు. ఒకే మసక గీతగా కనబడినచో మంచిది. విడివిడిగా పెక్కు పెన్సిళ్లు కనబడినచో దానిని తిరిగి యిచ్చివేయుడు. సెల్‌ఫోను కెమెరాలో చూచినచో నల్లని చారలు కదలుటయు ఇందునకే గుర్తు.

బిగించుటలో నొక జాగ్రత్త. పట్టీతోసహా వచ్చు క్రొత్తదీపమును కొన్నచో చిక్కు లేదు. పాత పట్టీని విప్పి, రెండు తీగలు కలిపినచో చాలును. కాని కొందఱు గొట్టము మాత్రము కొని పాతపట్టీలోనే పెట్టుదురు. అప్పుడు చాలవఱకు చోకును స్టార్టరును తొలగించి తీగలు మార్చవలెను. ఫేజు ఒక కొనకును న్యూట్రలు ఇంకొక కొనకును ఇచ్చు గొట్టములు కొన్ని కలవు. అట్టిదానిని ఒక కొన హోల్డరులో పెట్టి రెండవ కొనను చేత పట్టుకొన్నచో షాకు తగులు ప్రమాదము కలదు. కావున మెయిను ఆపించి, పని తెలిసినవానిచేతనే చేయింపుడు. స్విచ్చి ఆపిన పిమ్మటను దీపము మసకగా వెలుగుచున్నచో దయ్యమని బెదరవలదు. స్విచ్చి ఫేజు తీగపై కాక న్యూట్రలుపై బిగింపబడి యుండవచ్చును. లేదా స్విచ్చిబోర్డులోని చిన్న గుర్తుదీపము గుండ కొంచెము కరెంటు పోవుచుండవచ్చును. మొదటిది ప్రమాదకరము, దానిని సరిచేయింపవలెను.

తీసిన పాతగొట్టమును పిల్లలు ఆటకై పగులగొట్టుట మన వీధులలో చూచుచున్నాము. అది తగదు. లోపల పాదరసమున్నదని మొదటనే చెప్పితిని. ఒకవేళ ఇంటిలో పగిలినచో కిటికీలు తెఱచి, గది వెలుపలికి పోయి, కొంత తడవు తరువాత చీపురు వాడక తడిగుడ్డతోను అట్టముక్కతోను ఎత్తివేయవలెను. పాదరసపు కీడునుబట్టియే 2023లో జెనీవాలో మినమాటా ఒడంబడిక దేశములు ఇట్టి గొట్టపుదీపముల తయారీని, ఎగుమతి దిగుమతులను 2027 నాటికి ఆపవలెనని నిశ్చయించినవి. మన దేశమును అందున్నది. కావున పాతవానికి విడిభాగములు దొరకుట మున్ముందు దుర్లభమగును.

న్యాయశాస్త్ర పరిభాషలో దేహళీదీప న్యాయ మొకటి కలదు. గడపమీద నుంచిన దీపము ఇంటి లోపలికిని వెలుపలికిని వెలుగునిచ్చును. ఈ దీపమును అట్టిదే. లోపలి లాభము చెప్పితిని, వెలుపలిదానిని వినుడు. మనకు దాపుననే భూపాలపల్లి సీమలో చెల్పూరు వద్ద కాకతీయ తాపవిద్యుత్కేంద్రము కలదు. దాని శక్తి 1,100 మెగావాట్లు. అట్టి చోట బొగ్గుతో ఒక యూనిటు పుట్టించుటకు సుమారు 600 మొదలు 700 గ్రాముల బొగ్గు కావలెను. ఒక ట్యూబులైటు మార్చినందున ఏడాదికి మిగులు 66 యూనిట్లకు బొగ్గు నలుబది కిలోలకు తక్కువ కాదు. రమారమి ఒక బస్తా. ఆ బొగ్గును గనిలో త్రవ్వువారు మన పొరుగువారు; దాని పొగయు బూడిదయు పడునది మన పొరుగూళ్లమీద. జీరో బిల్లు వచ్చిన యింటి దీపమును బొగ్గు లేకుండ వెలుగదు. దాని సొమ్మును ప్రభుత్వము చెల్లించుచున్నది. అనగా మనమందఱము చెల్లించుచున్నాము. ఉచితమనగా మన చేతినుండి పోనిది యని యర్థము. ఖర్చు కానిదని కాదు.

ఈ మార్పు మన యిండ్లకే పరిమితము కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణపు వీధిదీపములను కూల్చిన పిమ్మట, ఆ నగరమున 90,000కు పైగా వీధిదీపములు ఎల్.ఇ.డి.గా మార్చబడినవి. 2015 జనవరిలో ఆరంభమైన ఉజాలా పథకమున దేశమంతట 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులును, 70 లక్షలకు పైగా ఎల్.ఇ.డి. ట్యూబులైట్లును ప్రజలకు అందినవి. అంత పెద్ద కొనుగోలువలన ధరలును దిగినవి. నేడు మనము మూడు నూఱుల రూపాయల లోపున కొనగలుగుటకు అదియు నొక కారణము.

కావున సారాంశము. దినమునకు మూడు నాలుగు గంటలకు మించి వెలుగు పాత చోకు ట్యూబులైటును, అది చెడువఱకు ఆగకయే, మార్చుడు. అరుదుగా వెలుగుదానిని చెడినప్పుడే మార్చుడు. 200 యూనిట్ల గీటు దాపున నున్నవారు వేసవికి ముందే మార్చుడు. గ్యారంటీయు రసీదును లేని దీపమును ఎంత చౌకయైనను కొనకుడు. మఱియు దీపములు మార్చినంతనే బిల్లు సగమగునని భ్రమపడవలదు. ఫ్యానులు, ఫ్రిజ్జు, కూలరు తమ పాలు తాము తీసికొనుచునే యుండును.

నాలుగు దినములని గడువడిగి, అంగడి దీపముతో నాలుగు నెలలు తడబడి, తుదకు మా పొరుగు రైతునకు నేనీ మాటలే చెప్పితిని. అతడు ఇంటిలోని నాలుగింటిని మార్చలేదు; పిల్ల చదువుకొను గదిలోనిదానిని, వంటింటిదానిని మాత్రము మార్చెను. అది తెలివిగల పని. పిల్ల అప్పటికే మా యరుగుమీదనే చదివి పరీక్ష ముగించి, ఇంటర్మీడియటులో చేరియుండెను. మరుసటి యాసంగిలో మోటార్లు నడచినవి, వోల్టేజి దిగినది. ఆ గదిలో దీపము మాత్రము వెలుగుచునే యుండెను. ఆ పిల్ల మా యరుగుమీదికి చదువుటకు రాలేదు. అరుగు కొంచెము చిన్నబోయినమాట నిజమే. కాని చదువుకొను పిల్లకు తన యింట తన దీపముండుటకన్న కావలసినదేమి?